పిల్లల అభ్యసన వైకల్యములు – మన కర్తవ్యము

(మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వక్తను గాను. ముప్పదినాలుగేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగును, అవకాశమున్నచోట సంస్కృతమును చెప్పి 2019లో విశ్రాంతి పొందిన బడిపంతులును. అట్టివాడు ఇట్టి సభలలో సామాన్యముగా పూర్వుల విద్యావైభవమును కొనియాడి, బాలురు శ్రద్ధగా చదువవలెనని హితము చెప్పి కూర్చుండును. నేనును పూర్వము రెండు పర్యాయములు ఈ వేదికమీద అట్లే చేసితిని. నేడు మాత్రము నేను చేసిన యొక తప్పును మీ యెదుట ఒప్పుకొని, అట్టి తప్పు మనలో మఱియెవ్వరును చేయకుండుటకై నేను ఆలస్యముగా నేర్చుకొన్న సంగతులను విన్నవింపదలచితిని.

1991లో నా ఏడవ తరగతికి ఒక బాలుడు వచ్చెను. మన కులమువాడే. అతని బంధువులు ఈ సభలో ఉండవచ్చును గాన పేరు చెప్పను. నేను పాఠము చెప్పునప్పుడు వానికంటె శ్రద్ధగా వినువాడు ఆ తరగతిలో లేడు. ఒకమారు కథ చెప్పిన చాలును, మఱునాడు పొల్లుపోకుండ తిరిగి చెప్పెడివాడు. పద్యమును రాగముతో ఒప్పగించెడివాడు. కాని వాచకము తెఱచి చదువుమన్నప్పుడు వాని ముఖము వాడిపోయెడిది. వ్రేలు అక్షరము క్రింద పెట్టి, 'పలక'ను 'వలక' యనియు, 'గుడ్డి'ని 'గుడి' యనియు చదివి, చెమటలు పట్టి నిలిచిపోయెడివాడు. వ్రాతపని చూపుమన్నచో పుస్తకము ఇంట మఱచితిననెడివాడు.

నేనేమనుకొంటిని? నోటికి ఇంత వచ్చినవానికి కంటికి రాకపోవుట కేవలము పొగరు అనుకొంటిని. తెలివి లేనివాడైనచో జాలిపడియుందును. తెలివి యున్నదని యెఱిగియే కొట్టితిని. 'శుంఠ' యని పేరు పెట్టితిని. తరగతి యంతయు వానిని ఆ పేరుననే పిలిచినది.

వాని తల్లి ఒకనాడు బడి గుమ్మము కడ నిలిచి, "మాస్టారూ, వాడికి విన్నది పోదు, చూసిందే నిలవదు. ఏదైనా దారి చెప్పండి" అని అడిగినది. అక్షరము రాని ఆ యిల్లాలు వైద్యులు చెప్పదగిన మాట చెప్పినది. భాషాప్రవీణ పట్టము పొందిన నేను దానిని తల్లి మమకారమని త్రోసివేసితిని. 1992లో ఏడవ తరగతి ఉమ్మడి పరీక్షలో వాడు తప్పెను. మఱల బడికి రాలేదు. మోటారు మరమ్మతు దుకాణములో పనికి కుదిరెనని వింటిని. పిదప వానిని మఱచితిని.

ఇరువదియేడేండ్లు గడచినవి. 2019లో, నేను విశ్రాంతి పొందిన యేటనే, పట్టణముననున్న మా మనుమరాలు మూడవ తరగతిలో వెనుకబడినదని కబురు వచ్చెను. పంతులుగారి మనుమరాలికి చదువు రాదట! నాలుగు నెలలు నేనే దగ్గఱ కూర్చుండి చెప్పితిని. కథ చెప్పిన వినును, అడిగిన ప్రశ్నకు బదులు చెప్పును. పుస్తకము ఎదుట పెట్టినచో 'వలక', 'గుడి'! ఆ రెండు మాటలు వినినప్పుడు ఎచటనో వినినట్లు తోచినదే గాని, ఎచటనో జ్ఞప్తికి రాలేదు. తుదకు పిల్లల మానసిక నిపుణురాలి యొద్దకు తీసికొనిపోయితిమి. కంటిచూపు, చెవివినికిడి, బుద్ధిబలము, చదువు, వ్రాత అన్నియు విడివిడిగా పరీక్షించి ఆమె, "ఇది సోమరితనము గాదు, మందబుద్ధియు గాదు. దీనికి డిస్లెక్సియా యని పేరు" అని చెప్పినది. ఆ గది వెలుపలి బల్లమీద కూర్చున్న నాకు అప్పుడు ఆ బాలుని మొగము కన్నులయెదుట నిలిచినది.

మహాజనులారా! ఇక విషయమునకు వచ్చెదను.

నిర్దిష్ట అభ్యసన వైకల్యములనగా నేమి? 'వికలము' అనగా ఒక కళ, అనగా ఒక భాగము, లోపించినది. ఒక కళ తగ్గినంత మాత్రమున చంద్రుడు చంద్రుడు గాకపోడు. అట్లే బుద్ధి, చూపు, వినికిడి సరిగానున్న బిడ్డకు చదువుటయో, వ్రాయుటయో, లెక్కించుటయో, ఏదో యొక నిర్దిష్టమైన పని మాత్రము, తగిన బోధన దొరికినను, ఎంత పాటుపడినను, ఈడుకు తగినట్లు పట్టుబడకుండుటయే ఈ వైకల్యము. ఇది జన్మతో వచ్చునది. తఱచుగా వంశమున దిగునది. తల్లిదండ్రుల ముద్దు చెఱుపుటవలన వచ్చునది గాదు, పూర్వజన్మ పాపమును గాదు.

దీనిని కనుగొన్నది నేటివారు గారు. ఇంగ్లాండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు 1896లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు పదునాలుగేండ్ల బాలుని గూర్చి వ్రాసెను. చురుకైనవాడు, ఆటలలో ఎవ్వరికిని తీసిపోనివాడు, లెక్కలు చక్కగా చేయువాడు. ఏడవ యేటినుండి గురువులు చెప్పుచున్నను చిన్న చిన్న మాటలనైనను చదువలేకుండెను. చదువంతయు నోటితోనే చెప్పెడి పక్షమున ఆ బాలుడే బడికంతకును మేటి యగునని వాని యుపాధ్యాయుడు అభిప్రాయపడినట్లు ఆ వైద్యుడు వ్రాసియున్నాడు. ఆ యుపాధ్యాయుడు నాకంటె తొంబదియైదేండ్లు ముందువాడు. నేను చూచినదే ఆయనయు చూచెను. ఆయన దానినుండి బాలుని తెలివిని గ్రహించెను, నేను బెత్తమును గ్రహించితిని.

ఏల యిట్లగును? మాటలాడుట మనుష్యునికి సహజము. వినుచు పెరిగిన బిడ్డ ఒకరు నేర్పకుండగనే మాటలాడును. వ్రాత యట్టిది గాదు. అది మనుష్యులు కల్పించుకొని అయిదువేల యేండ్లకు కొంచెము మించినది. చదువుట కొఱకు మస్తిష్కమున పుట్టుకతో ప్రత్యేక స్థానమేదియు లేదు. మాటకై, చూపుకై యున్న భాగములను ఎడమవైపున కొత్తగా ముడివేసికొని ప్రతి బిడ్డయు చదువు నేర్చుకొనవలసియున్నది. మాటను ధ్వనులుగా విడదీసి, ఒక్కొక్క ధ్వనిని ఒక్కొక్క గుర్తుతో జోడించి, రెప్పపాటులో మఱల మాటగా కూర్చుటయే చదువు. కొందఱికి ఈ ముడి తేలికగా పడదు. కన్నులలో దోషమేమియు లేదు. అక్షరము కనబడుచునే యున్నది, దాని ధ్వని మాత్రము పిలిచిన వెంటనే పలుకదు.

ఇక భేదములు. మొదటిది పఠన వైకల్యము, అనగా డిస్లెక్సియా. ఇది గ్రీకు పదము. అందలి 'డిస్' మన 'దుస్' అను ఉపసర్గకు తోబుట్టువు. 'దుర్లభము', 'దుష్కరము' అను మాటలలో ఉన్నది అదియే. 'లెక్సిస్' అనగా మాట. మెదడు దెబ్బతిని చదువు పోగొట్టుకొన్న పెద్దలను గూర్చి 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అను జర్మను నేత్రవైద్యుడు ఈ పేరు పెట్టెను. పిదప పుట్టుకతో చదువు పట్టుబడని పిల్లలకును అదియే నిలిచినది. వైకల్యములలో మిక్కిలి యెక్కువగా కనబడునది ఇదియే.

ఇది భాషనుబట్టి వేఱువేఱు వేషములు వేయును. ఇంగ్లీషులో అక్షరములు ఇరువదియాఱే గాని ధ్వనులకు నిలుకడ లేదు. ఒకే 'యు' అక్షరము 'పుట్' అనుచోట ఒక తీరు, 'బట్' అనుచోట వేఱొక తీరు. అందుచే అచట బిడ్డ తప్పులు చదువును. ఇటలీ దేశపు భాషలో వ్రాసినట్లే పలుకుదురు. అచటి బిడ్డ తప్పులు తక్కువగా చదివినను మిక్కిలి నెమ్మదిగా చదువును. ఇంగ్లాండు, ఫ్రాన్సు, ఇటలీ దేశములలో డిస్లెక్సియా గలవారిని పరీక్షించిన పండితులు 2001లో ప్రకటించిన దేమనగా, పైకి కనబడు లక్షణములు వేఱైనను, చదువునప్పుడు ఎడమ మస్తిష్కమున కొన్ని భాగములు తగినంత పనిచేయకుండుట మువ్వురియందును ఒక్కటే యని.

మన తెలుగు వ్రాసినట్లే పలుకు భాష గదా, మనకీ చిక్కు లేదని మీరనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. కాని మన లిపిలో ముప్పదియాఱు హల్లులకు పదునాఱు గుణింతముల చొప్పున 576 రూపములు. వానిమీద ఒత్తులు. ఇవన్నియు కంటికి పోల్చుకొనవలెను. ప-వ, మ-య, బ-భ, ద-ధ, ఇట్టి జంటలలో ఒక్క గీతయే భేదము. ఈ వైకల్యముగల తెలుగుబిడ్డ ఒత్తులు జాఱవిడుచును, దీర్ఘములు మఱచును, జంటలను తారుమారు చేయును, ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని చివరకు వచ్చుసరికి మొదటి యక్షరమును మఱచును. కొత్తగా నేర్చు ప్రతి బిడ్డయు ఇట్టి తప్పులు చేయును. దానికి వెఱవ పనిలేదు. తోటివారు దాటిపోయిన పిదపను రెండేండ్లు మూడేండ్లు అచటనే నిలిచిపోయినచో మాత్రము ఏమఱక చూడవలెను.

రెండవది లేఖన వైకల్యము, డిస్‌గ్రాఫియా. ప్రశ్న అడిగినచో నోటితో పది వాక్యములు చెప్పును, వ్రాయుమన్నచో రెండు పంక్తులు వ్రాసి చేయి నొప్పియనును. అక్షరములు ఒకటి లావు, ఒకటి సన్నము, పంక్తి కొండయెక్కును, మాటకు మాటకు ఎడముండదు. నల్లబల్లమీదిది చూచి వ్రాయుటయందును అక్షరములు జాఱును. ఒకనికి వ్రేళ్ల పట్టు చాలదు, మఱియొకనికి మాటలోని అక్షరముల వరుస మనసున నిలువదు. పైకి రెంటిని చూచి మనము దస్తూరి బాగులేదని ఒక్కమాటతో తిట్టెదము.

మూడవది గణిత వైకల్యము, డిస్‌కాల్కులియా. దీనిని ప్రత్యేకముగా నిరూపించి 1974లో వ్రాసినవాడు చెకోస్లొవేకియా పండితుడగు లాడిస్లావ్ కోష్. 'కాల్కులస్' అనగా లాటిను భాషలో లెక్కించుటకు వాడిన చిన్న గులకరాయి. మన పల్లెలలోని చింతగింజ యనుకొనుడు. ఈ బిడ్డ చక్కగా చదువును, వ్రాయును. కాని ఏడు, తొమ్మిది అను సంఖ్యలలో ఏది పెద్దదో తడుముకొనును. అయిదవ తరగతిలోను వ్రేళ్లు ముడుచుకొని కూడును. ఎక్కములు నేడు వల్లించి రేపు మఱచును. గడియారము చూచుట, చిల్లర లెక్కించుట కష్టమగును. అంకెలు తెలియును గాని, అంకెవెనుకనున్న రాశి మనసునకు తట్టదు.

ఇవి మూడును ముఖ్యములు. మన దేశపు శాసనము వీనితోపాటు అవయవముల పొందిక చాలక బొత్తాములు పెట్టుకొనుట, తాడు ముడివేయుట వంటి పనులందు తడబడు డిస్‌ప్రాక్సియాను, మాట గ్రహించుటయందో మాట కూర్చుటయందో కలుగు అఫేసియాను కూడ పేర్కొన్నది. ఒకే బిడ్డయందు రెండు మూడు కలిసియుండవచ్చును. మనసు ఒకచోట నిలువని అవధాన లోపము వేఱైన స్థితియైనను తఱచుగా వీనితో జతగూడి వచ్చును.

ఇట్టి పిల్లలు ఎందఱు? అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో ప్రకటించిన ప్రమాణగ్రంథము, వేఱువేఱు భాషలవారిని కలిపి, బడియీడు పిల్లలలో నూటికి 5 మొదలు 15 మంది వఱకు ఉందురని చెప్పినది. నలుబదిమంది గల తరగతిలో ఇద్దరు మొదలు ఆర్గురు! నా ముప్పదినాలుగేండ్ల తరగతులను తలచుకొని ఈ లెక్క వేయుటకు నాకు ధైర్యము చాలలేదు.

మఱియొక హెచ్చరిక. వెనుకబడిన ప్రతి బిడ్డకును ఈ పేరు తగిలింపరాదు. ఇంట తెలుగు వినుచు పెరిగిన బిడ్డను మూడవ యేటనే ఇంగ్లీషు బడిలో వేసి, వానికి ఇంగ్లీషు రాలేదని ఏడ్చిన, అది వైకల్యము గాదు. బడికి సరిగా పోనివాడు, కన్ను కనబడనివాడు, చెవి వినబడనివాడు, ఆకలితో కూర్చున్నవాడు, ఇంట కలతలు గలవాడు, వీరందఱును వెనుకబడుదురు. అందుచేతనే మొదట కన్నును చెవిని పరీక్షింపవలెను. పిదప ఆఱునెలలైనను తగిన రీతిని చెప్పి చూడవలెను. అప్పటికిని రానిచో నిపుణులకు చూపవలెను.

కొందఱు పెద్దలు, "మా కాలమున ఈ రోగములెక్కడివి?" అని అడుగుచుందురు. ఏటిలో దిగనివానికి ఈత రాదను సంగతి ఎవరికి తెలియును? పూర్వము నూటికి పదిమంది బడికి పోయినప్పుడు, చదువు పట్టనివాడు పొలమునకో, అంగడికో, మగ్గమునకో పోయెను. ఎవ్వరును లెక్క పెట్టలేదు. నేడు ప్రతి బిడ్డయు కాగితమను ఒక్క ద్వారమునుండియే లోకములోనికి పోవలసియున్నది. ఆ ద్వారము ఇఱుకైనకొలది దానిలో పట్టనివారు కనబడుచున్నారు.

సంస్కృతము చదివినవాడను గాన నాకొక సంగతి తోచుచున్నది. పాణినీయ శిక్షయందు అధమ పాఠకులు ఆర్వురని చెప్పి, వారిలో వ్రాసినది చూచి చదువువానిని ఒకనిగా లెక్కించిరి. ఆ కాలమున విద్య చెవిద్వారమున వచ్చి నోటియందు నిలిచెడిది. నేను శుంఠయన్న బాలుడు ఆ గురుకులములో ఏ స్థానమున నుండెడివాడో! పుస్తకములు విడిచి వెనుకకు పోవుదమని నేననుట లేదు. చదువు వేఱు, దానికి వాడు పనిముట్టు వేఱు అనుటయే నా భావము.

సంస్కృత విద్యార్థులకు మేము చెప్పెడి కథ యొకటి కలదు. మందబుద్ధియని తలచి చదువు విడిచిన బోపదేవుడు, నూతియొడ్డున కడవల రాపిడికి రాయి అరిగియుండుట చూచి, పట్టుదలతో మఱల చదివి మహావైయాకరణుడయ్యెనట. ఈ కథను నేను వందలమార్లు చెప్పితిని, ఆ బాలునికి కూడ చెప్పితిని. అందలి యొక మర్మము నాకు తరువాత బోధపడినది. కడవ ప్రతిదినము ఒక్కచోటనే పెట్టబడుటచే రాయి అరిగినది. దినమున కొకచోట పెట్టినచో నూఱేండ్లకైనను అరుగదు. పట్టుదల యొక్కటియే చాలదు, పట్టవలసిన చోటు తెలిసియుండవలెను.

ఆ చోటేది? తెలిసినవారు చెప్పెడి పద్ధతి యిది. పాఠమును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టవలెను. మాటను చెవితో విని, చప్పట్లతో ధ్వనులుగా విడదీయుట మొదట నేర్పవలెను. ఒక ధ్వని, దాని యక్షరము, దానితో వచ్చు మాటలు స్థిరపడిన పిదపనే రెండవ యక్షరమునకు పోవలెను. పోలికగల ప-వ లను ఒకేనాడు చెప్పరాదు. కంటితో చూచుచు, నోటితో పలుకుచు, చెవితో వినుచు, వ్రేలితో దిద్దుచు, నాలుగును ఒక్కమారు జరుగవలెను. అమెరికాలో సామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడును, ఆనా గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు 1930 ప్రాంతమున ఏర్పఱచిన మార్గమిదియే. ఈ విధముగా చెప్పిన పిదప పిల్లల మస్తిష్కములో చదువునకు సంబంధించిన భాగములు మునుపటికంటె ఎక్కువగా పనిచేయుట అచటి పండితులు 2003, 2004 సంవత్సరములలో చిత్రములు తీసి చూపిరి.

ఇసుకలో వ్రేలితో దిద్దించుట మనకు కొత్తయా? మన వీథిబడులలో జరిగినది అదియే గదా! చెన్నపట్నమున ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శాలకు అధికారిగానున్న ఆండ్రూ బెల్ అను దొర, ఈ దేశపు బడిపిల్లలు ఇసుకలో వ్రాయుచు, ఒకరికొకరు చెప్పుకొనుట చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో ఇంగ్లాండులో గ్రంథము ప్రకటించెను. మన యింటి ఇసుక సముద్రము దాటిపోయినది. మనము మాత్రము నాలుగేండ్ల బిడ్డచేతికి గీతల పుస్తకము, పెన్సిలు ఇచ్చి కూర్చున్నాము.

దీనికి మందు లేదు. జ్ఞాపకశక్తి లేహ్యములు, తాయెత్తులు, రంగుటద్దములు దీనిని మాన్పలేవు. డబ్బు పోవుటయే గాక కాలము పోవును. ఎనిమిదవ యేట మొదలుపెట్టినవానికి పదునాలుగవ యేట మొదలుపెట్టినవానికంటె ఎక్కువ మేలు కలుగును. అయినను ఏ యీడునను మేలు లేకపోదు.

ఇక శాసనము సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టములో ఈ వైకల్యములకు చోటు లేదు. అందు పేర్కొన్నవి ఏడే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున ఇరువదియొకటి పేర్కొనబడినవి. వానిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యములు చేరినవి. ఆ చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఇట్టి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనోపాయములు కల్పించుట విద్యాసంస్థల విధియని దాని 16వ సెక్షను చెప్పుచున్నది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ సిద్ధపఱచిన పరీక్షలను ఈ నిర్ణయమునకై వాడవలెననియు, ఎనిమిదేండ్లు నిండిన పిదప ధ్రువపత్రము ఇచ్చి, పదునాలుగవ యేట, పదునెనిమిదవ యేట మఱల పరీక్షింపవలెననియు 2018 జనవరి నాటి ప్రకటన నిర్ణయించినది. నలుబది శాతమునకు తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందినవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాలయములలో దివ్యాంగులకు ఉద్దేశించిన 5 శాతము స్థానములందును, ప్రభుత్వోద్యోగములలో 4 శాతమునందును పాలు కలదు. వ్రాతపరీక్షలలో వ్రాయసకానిని పెట్టుకొనుటకును, మూడుగంటల పరీక్షకు ఒక గంట అధికముగా పొందుటకును 2018 ఆగస్టు నాటి మార్గదర్శకములు అవకాశమిచ్చినవి.

ఇది అన్యాయమైన రాయితీ గాదా యని ఒక పోషకులు నన్ను అడిగిరి. కంటికి అద్దము పెట్టుకొని పరీక్ష వ్రాయుట అన్యాయమగునా? అద్దము అక్షరమును కనబఱచును గాని ప్రశ్నకు సమాధానము చెప్పదు. అధికముగా ఇచ్చిన గంటయు అట్టిదే.

సోదరులారా! శాసనమున్నది, శాస్త్రమున్నది. లేనిది మన ధైర్యము. 2007లో 'తారే జమీన్ పర్' అను హిందీ చలనచిత్రము వచ్చినప్పుడు, డిస్లెక్సియాగల ఆ బాలుని కథ చూచి మనవారు ఎందఱో కన్నీరు పెట్టుకొనిరి. ఇంటికి వచ్చి, మార్కులు తగ్గిన తమ పిల్లలను కొట్టిరి. నేనెఱిగిన యొక యింట బిడ్డకు ధ్రువపత్రము దొరికియు దానిని బీరువాలో దాచిరి. ఏలయని అడిగితిని. "రేపు సంబంధములు చెడును, చెల్లెలికి కూడ చెడును" అనిరి. ఆ బిడ్డ ఒక గంట అధికముగా దొరకక పదవ తరగతి తప్పెను. ఆ సంబంధములు చెడగొట్టువారెవరు? పరాయివారు గారు. ఈ సభలో కూర్చున్న మనమే. మనలో మనమే సంబంధములు వెదకుకొనుచున్నాము, మనలో మనమే వంకలు పెట్టుకొనుచున్నాము. కావున ఈ భయమును పోగొట్టు శక్తి ప్రభుత్వమునకు లేదు, వైద్యునకు లేదు, కులసంఘమునకే కలదు.

అందుచే మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది: మన విద్యానిధి పారితోషికములు ఇంతవఱకు మార్కులనుబట్టియే యిచ్చుచున్నాము. ఇచ్చుట మంచిదే. దానిలో నుండి కొంతభాగము తీసి, చదువులో వెనుకబడిన మన పిల్లలకు కన్ను, చెవి, అభ్యసన పరీక్షలు చేయించుటకు వినియోగింపవలెను. పరీక్షల వ్యయమునకు వెఱచి పేదవారు ఆ గడప తొక్కుట లేదు. నూటికి తొంబది తెచ్చుకొన్నవాడు మన సాయము లేకున్నను పైకి వచ్చును.

రెండవది: మన విద్యార్థి వసతిగృహమున పరీక్ష తప్పినవానికి మఱుసటి యేడు చోటు లేదను నియమము కలదు. ఆ నియమము వ్రాసిన ఉపసంఘములో నేనును ఒకడను. దానిని సవరింపవలెనని కోరుచున్నాను. తప్పినవానిని పంపివేయుటకు ముందు ఏల తప్పెనో పరీక్షింపవలెను. సాయంకాలమున పాఠములు బిగ్గరగా చదివి వినిపించుటకు పెద్దతరగతుల విద్యార్థులను నియోగింపవలెను. నేడు ప్రతివాని చేతిలోని ఫోనును పుస్తకము చదివి వినిపించును. దానికి ఖర్చు లేదు.

మూడవది: ఏ బిడ్డకైనను ఇట్టి ధ్రువపత్రమున్నదను కారణముచే సంబంధము కాదనరాదని ఈ మహాసభ తీర్మానింపవలెను. తీర్మానముతో లోకము మాఱదని నాకును తెలియును. అయినను పెద్దలు సభలో చేయెత్తినచో, బీరువాలోని కాగితములు కొన్నియైనను వెలుపలికి వచ్చును.

ఒక్క మాట చెప్పి ముగించెదను. రెండేండ్ల క్రిందట మా వీథిలో నా బండి ఆగిపోయినప్పుడు ఒక మరమ్మతు దుకాణమునకు నడిపించుకొనిపోయితిని. దుకాణపు యజమాని యంత్రము కదిలించి, చెవియొగ్గి శబ్దము విని, విప్పి చూడకుండగనే దోషమెచటనో చెప్పెను. తల యెత్తి, "మాస్టారూ, గుర్తుపట్టారా?" అనెను. వాడే. వినినది పోనివాడు! నేను క్షమింపుమని అడుగుటకు మాట వెదకుకొనుచుండగా వాడే, "మావాడూ నాలాంటివాడే మాస్టారూ, నాలుగో తరగతి. వాణ్ణి కొట్టకుండా చదువు చెప్పే బడి ఎక్కడైనా ఉందా?" అని అడిగెను.

నా యొద్ద సమాధానము లేకపోయినది. నాటినుండి ఆ బాలుడు సాయంకాలము మా అరుగుమీదికి వచ్చుచున్నాడు. పళ్లెములో ఇసుక పోసి ఒక్కొక్క యక్షరమే దిద్దించుచున్నాను. నెమ్మదిగానైనను ఇప్పుడు మూడవ తరగతి వాచకము చదువుచున్నాడు. మా మనుమరాలు సెలవులలో వచ్చినప్పుడు, తనకు పట్టుబడిన ఉపాయములు వానికి చెప్పుచున్నది. కాని ఒక అరుగు చాలదు. వాని తండ్రి అడిగిన ప్రశ్న నాకు మాత్రమే వేసినది గాదు, ఈ సంఘమునకు వేసినది. వచ్చు మహాసభ నాటికి దానికి సమాధానము చెప్పగలవారమగుదుముగాక యని ప్రార్థించుచున్నాను.